హిగ్స్ కణం దొరికాక ఇంకేం మిగిలింది?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం ఫిజిక్స్ చదువుతోంది. ఫేజ్ ట్రాన్సిషన్లు, సౌష్ఠవ భంగం అనే అంశాల మీద మనసు పడింది. పీహెచ్‌డీ చేసి సైద్ధాంతిక కణ భౌతిక శాస్త్రంలోనే స్థిరపడతానంటోంది. ఆ మాటలే మాకు అర్థం కావు. హిగ్స్ కణం ఎప్పుడో దొరికింది కదా, ఇక అందులో చేయడానికేముంది అని తెలిసినవాళ్లు అంటున్నారు. గణితంలో తనకు మంచి మార్కులే వస్తాయి గానీ అసాధారణ ప్రతిభ అని చెప్పలేం. ప్రోత్సహించమంటారా, వేరే దారి చూపమంటారా?

జవాబు: అమ్మా, ఉద్యోగాల సంగతికి తప్పకుండా వస్తాను. ముందు మీ అమ్మాయి మనసు పడ్డ విషయం ఏమిటో మీకు తెలియాలి. అది తెలిస్తే మీ సందేహాల్లో సగం వాటంతట అవే తీరతాయి.

ఇనుప ముక్కను 770 డిగ్రీల సెల్సియస్ దాటేలా వేడిచేస్తే అది అయస్కాంతంగా ఉండలేదు. అందులోని ప్రతి పరమాణువూ ఒక చిట్టి అయస్కాంతమే. అంత వేడిలో అవి తలో దిక్కూ చూస్తుంటాయి, ఏ దిక్కుకూ ప్రత్యేకత ఉండదు. ఈ సమానత్వాన్నే సౌష్ఠవం అంటారు. చల్లారుతూ 770 కిందికి దిగేసరికి ఇరుగుపొరుగు పరమాణువులన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే దిక్కుకు తిరుగుతాయి. ఫలానా దిక్కుకే తిరగాలని ప్రకృతి నియమంలో ఎక్కడా లేదు. అయినా ఇనుము ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. నియమంలో ఉన్న సమానత్వం ఫలితంలో కనబడకుండా పోవడమే సౌష్ఠవ భంగం. అది జరిగే ఘట్టమే ఫేజ్ ట్రాన్సిషన్, అంటే దశ మారడం.

మీ అమ్మాయిని పట్టుకున్న ఆలోచన దీని తర్వాతిది. ఇటువంటి మార్పే ఒకప్పుడు విశ్వమంతటా జరిగింది. విశ్వం పుట్టిన తొలి క్షణంలో, ఉష్ణోగ్రత సుమారు 2 పక్కన 15 సున్నాలు పెట్టినన్ని డిగ్రీలు ఉన్నప్పుడు, హిగ్స్ క్షేత్రం విలువ సున్నా. క్షేత్రం అంటే అంతటా పరుచుకుని ఉండేది, దానిలో లేచే అలే హిగ్స్ కణం. అంతకంటే చల్లబడ్డాక అది అంతరిక్షమంతా ఒక స్థిరమైన విలువకు చేరింది. శాస్త్రవేత్తల కొలమానంలో ఆ విలువ 246 జీఈవీ (కణాల శక్తినీ, ద్రవ్యరాశినీ కొలిచే ప్రమాణం). దానివల్లే బలహీన బలాన్ని (కొన్ని రకాల రేడియోధార్మికతకు కారణమైన బలాన్ని) మోసే డబ్ల్యూ, జెడ్ కణాలకు ద్రవ్యరాశి వచ్చింది, వెలుగును మోసే ఫోటాన్‌కు రాలేదు. ఎలక్ట్రాన్‌కు ద్రవ్యరాశి వచ్చిందీ ఆ క్షేత్రం వల్లే. అది లేకపోతే పరమాణువు నిలవదు, మనమూ ఉండం. ఈ విషయం మొదటిసారి అర్థమైనప్పుడు ఎవరికైనా నిద్ర పట్టదు. మీ అమ్మాయి ఉత్సాహం పిల్లల మోజు కాదని నాకు అనిపించడానికి కారణం ఇదే.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడండి, నా సలహా అంతా దాని మీదే ఆధారపడి ఉంది. 1957లో సూపర్ కండక్టర్లకు సరైన సిద్ధాంతం దొరికింది. అతి చల్లని లోహాల్లో కరెంటు అడ్డూ ఆపూ లేకుండా ప్రవహించడానికి అది కారణం చెప్పింది. దాన్ని శ్రద్ధగా చదివిన యోయిచిరో నంబు, శూన్యం కూడా అలాగే ప్రవర్తించవచ్చు కదా అని 1960లో అడిగాడు. సూపర్ కండక్టర్ లోపల ఫోటాన్ ద్రవ్యరాశి ఉన్న కణంలా మెలగుతుందని, అదే ఉపాయం కణాలకూ పనికిరావచ్చని 1963లో ఫిలిప్ ఆండర్సన్ చూపించాడు. ఆయన కణ భౌతిక శాస్త్రవేత్త కాదు, ఘనపదార్థాల మీద పనిచేసేవాడు. మరుసటి ఏడాదే హిగ్స్ ఒకవైపు, బ్రౌట్, ఆంగ్లేర్‌లు మరోవైపు దాన్ని కణాల సిద్ధాంతంగా మలిచారు. ఆ కణం దొరికినట్టు యూరప్‌లోని కణ పరిశోధన కేంద్రం సెర్న్ 2012 జులై 4న ప్రకటించింది. దారి ఎదురుదిశలోనూ నడిచింది. కణ భౌతిక శాస్త్రం నుంచి వచ్చిన కెన్నెత్ విల్సన్, దశ మార్పుల లెక్క తేల్చినందుకు 1982లో నోబెల్ అందుకున్నాడు.

అందుకే మీ అమ్మాయికి నా మొదటి మాట: 'నేను కణ భౌతిక శాస్త్రం మనిషిని' అని ఇప్పుడే గిరి గీసుకోవద్దు. కణాలను క్షేత్రాలుగా చూసే క్వాంటం ఫీల్డ్ థియరీ మీద ఎంత ఇష్టముందో, కోట్ల పరమాణువుల ఉమ్మడి ప్రవర్తనను లెక్కగట్టే స్టాటిస్టికల్ మెకానిక్స్ మీదా అంత శ్రద్ధ పెట్టాలి. చాలామంది విద్యార్థులు రెండోదాన్ని పరీక్ష కోసం చదివి వదిలేస్తారు. ఈ అంశంలో అది పునాది లేకుండా ఇల్లు కట్టడమే.

ఇక అందరూ అడిగే మాట, హిగ్స్ దొరికాక ఏం మిగిలిందని. కణం దొరికింది, కథ మిగిలే ఉంది. హిగ్స్ క్షేత్రపు శక్తిని ఒక లోయలా ఊహించుకుంటే, మనకు బాగా తెలిసింది దాని అడుగున కొద్దిపాటి మేర మాత్రమే. మొత్తం లోయ ఏ ఆకారంలో ఉందో తెలియాలంటే హిగ్స్ కణాలు తమలో తాము ఎంత బలంగా ప్రభావం చూపుకుంటాయో కొలవాలి. సెర్న్‌లో కణాలను ఢీకొట్టించే యంత్రం లార్జ్ హాడ్రాన్ కొలైడర్ సామర్థ్యాన్ని పెంచడంలో ఒక ముఖ్య ఉద్దేశం అదే. ఆ ఆకారాన్ని బట్టే తొలినాటి మార్పు ఎలా జరిగిందో తేలుతుంది. ఇప్పుడున్న సిద్ధాంతం మాత్రమే నిజమైతే, 125 జీఈవీ ద్రవ్యరాశి గల హిగ్స్‌తో అది మెత్తగా, ఎక్కడా తెగకుండా జరిగిపోతుంది. ఇంత బరువైన హిగ్స్‌తో అలాగే జరుగుతుందని 1996 నాటి కంప్యూటర్ లెక్కలే చెప్పాయి. అలా కాక, మనం ఇంకా చూడని మరో క్షేత్రమేదైనా హిగ్స్‌తో ముడిపడి ఉంటే, మరిగే నీటిలో లాగా కొత్త దశ బుడగలు బుడగలుగా పుట్టి ఉండవచ్చు. ఆ బుడగలు ఢీకొన్నప్పుడు పుట్టే గురుత్వ తరంగాలు, అంటే స్థలకాలాల్లో లేచే అలలు, ఈనాటికీ విశ్వంలో మిగిలి ఉంటాయి. వాటిని వెతకగల లీసా అంతరిక్ష పరిశోధనకు యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ 2024 జనవరిలో పచ్చజెండా ఊపింది, 2035 ప్రాంతంలో ప్రయోగించాలని అనుకుంటున్నారు. పదార్థం మిగిలి, దానికి వ్యతిరేక ఆవేశాలతో ఉండే ప్రతిపదార్థం ఎందుకు మాయమైందన్న పెద్ద ప్రశ్నకు కూడా ఆ బుడగలు జవాబు కావచ్చు. మీ అమ్మాయి పీహెచ్‌డీ ముగించి సొంతంగా పరిశోధన చేసే వయసుకు ఆ పరికరాలు పనిలో ఉండే అవకాశముంది. రంగం ముగిసిపోయిందని చెప్పేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండదు.

ఉద్యోగం విషయంలో మీ దగ్గర ఏదీ దాచను. పీజీ తర్వాత పీహెచ్‌డీకి నాలుగు నుంచి ఆరేళ్లు పడుతుంది. ఆ తర్వాత రెండు మూడేళ్ల చొప్పున ఒకటి రెండు పోస్ట్ డాక్టరల్ (తాత్కాలిక పరిశోధక) నియామకాలు, తరచూ వేర్వేరు దేశాల్లో. ఇన్ని చేసినా శాశ్వత అధ్యాపక పదవి చాలా కొద్దిమందికే దక్కుతుంది. ప్రతిభ ఉన్నవాళ్లకూ దక్కకపోవచ్చు. ముప్పై దాటాక కూడా ఎక్కడ స్థిరపడతామో తెలియని జీవితం ఇది. మీరూ మీ అమ్మాయీ కలిసి కూర్చుని ఈ మాట ఇప్పుడే మాట్లాడుకోవాలి, ఐదేళ్ల తర్వాత కాదు.

అయితే పదవి రాకపోతే చదువంతా వృథా అనుకోవద్దు. వృథా కావడం, కాకపోవడం పీహెచ్‌డీలో ఏ తరహా పని ఎంచుకుంటుందన్న దాని మీద ఆధారపడుతుంది. స్థలాన్నీ కాలాన్నీ గళ్లుగా విభజించి సూపర్ కంప్యూటర్ల మీద చేసే లాటిస్ లెక్కలు గానీ, తొలి విశ్వపు దశ మార్పుల నుంచి గురుత్వ తరంగాల బలాన్ని అంచనా కట్టే పని గానీ తీసుకుంటే, ప్రోగ్రామింగ్, సంభావ్యత, పెద్ద లెక్కల్లో దోషాలను పసిగట్టడం చేతికి వస్తాయి. వాతావరణ అంచనాల నుంచి మెషీన్ లెర్నింగ్ దాకా ఈ పనితనానికి గిరాకీ ఉంది. కేవలం కాగితం మీద, ఏ ప్రయోగానికీ అందనంత దూరంలో ఉండే అంశంతో మొదలుపెట్టమని నేను చెప్పను. అవి గొప్పవి కావని కాదు, ఆ దారిలో వెనక్కి తిరగడం కష్టం. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన పేరు ప్రఖ్యాతులు ఒక్కటే చూడొద్దు. ఆయన దగ్గర గత పదేళ్లలో పీహెచ్‌డీ చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడ ఏం చేస్తున్నారో అడగాలి. ఫెలోషిప్ లేని సీటులో చేరవద్దు.

గణితం సంగతి. అసాధారణ ప్రతిభ కంటే ఒకే లెక్కతో మూడు రోజులు కూర్చోగల ఓపిక ఈ రంగంలో ఎక్కువ అవసరం. లీనియర్ ఆల్జీబ్రా, కాంప్లెక్స్ అనాలిసిస్, గ్రూప్ థియరీ గట్టిగా రావాలి. ఆ ఓపిక తనకుందో లేదో మార్కుల జాబితా చెప్పదు. అందుకు నేను రెండు పనులు చెబుతాను, చేయమనండి.

మొదటిది చేతిరాత లెక్క. హిగ్స్ శక్తి సూత్రంలో ఒక వర్గ పదం, ఒక నాలుగో ఘాతం పదం ఉంటాయి. మధ్యలో గుట్ట, చుట్టూ లోయ. లోయ అడుగు నుంచి సూత్రాన్ని విస్తరించి చూస్తే కణం ద్రవ్యరాశి బయటికి వస్తుంది. 246, 125 అనే రెండు సంఖ్యలు పెట్టి నాలుగో ఘాతం ముందుండే స్థిరరాశిని కనుక్కోవాలి. అది సుమారు 0.13 వస్తుంది. పుస్తకం మూసి ఈ లెక్కను మొదటి నుంచి చివరి దాకా చేయగలగాలి.

రెండోది ఈజింగ్ నమూనా ప్రోగ్రాం. పైన చెప్పిన అయస్కాంతానికి అది అతి సరళమైన రూపం. వంద అడ్డగళ్లు, వంద నిలువుగళ్లు. ప్రతి గడిలో పైకి లేదా కిందికి చూసే ఒక బాణం. పక్క గడులతో ఏకీభవిస్తే శక్తి తగ్గుతుంది, అంతే నియమం. 1925లో ఎర్నెస్ట్ ఈజింగ్ ఒకే వరుస గళ్లకు లెక్క చేసి, దశ మార్పు లేదని తేల్చాడు. సమతలం మీది గళ్లకూ, అంతకంటే ఎక్కువ దిశల్లో పేర్చిన గళ్లకూ ఉండదనుకున్నాడు, అక్కడే పొరబడ్డాడు. సమతలం మీది గళ్లకు కచ్చితమైన జవాబును లార్స్ ఆన్సాగర్ 1944లో ఇచ్చాడు. నమూనా ప్రమాణాల్లో మార్పు జరిగే ఉష్ణోగ్రత 2.269. ప్రోగ్రాం రాశాక ఉష్ణోగ్రత 5 దగ్గర పెడితే తెరంతా నలుపూ తెలుపూ కలగాపులగం. 1 దగ్గర పెడితే కాసేపటికి దాదాపు అంతా ఒకే రంగు. మళ్లీ మళ్లీ నడిపితే ఒకసారి నలుపు గెలుస్తుంది, ఒకసారి తెలుపు. సౌష్ఠవ భంగం అంటే ఏమిటో అక్కడ కంటితో చూడవచ్చు. 2.269 దగ్గర ప్రోగ్రాం మొండికేస్తుంది, ఎంతసేపు నడిపినా సగటు విలువలు కుదురుకోవు. చాలామంది విసుగెత్తి ఆపేసేది అక్కడే. తప్పు ప్రోగ్రాంలో ఉందా, ప్రకృతిలోనే ఉందా అని తవ్వుకుంటూ వెళ్లే పిల్లలు కొందరుంటారు. వాళ్లను ఈ రంగానికి పంపడానికి నేను సందేహించను.

ఒక నెల గడువివ్వండి. 2.269 దగ్గర తెర మీద కనిపించేదాన్ని మీకు చూపించమనండి. పెద్ద నల్ల గుంపు, దానిలో తెల్ల గుంపు, ఆ తెల్లదానిలో మళ్లీ చిన్న నల్ల గుంపు, ఇలా అన్ని పరిమాణాల్లోనూ ఉంటాయి. ఎందుకలా ఉన్నాయో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. ఏం చెప్పిందో నాకు మళ్లీ రాయండి.