ధవళేశ్వరం రైలు పట్టాల కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర గుర్రం దిగడంతో మొదలుపెట్టావు. ముందు అది తీసెయ్. గోదావరి జిల్లాల్లో ఆయనకి ఊరూరా విగ్రహాలున్నాయి, స్నాన సంకల్పంలోనూ చోటుంది. నీ కథలో కూడా ముందు వరసేనా? రాయితో మొదలుపెట్టు.

1847లో పని మొదలై 1852కి ఆనకట్ట లేచింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం: నాలుగు పాయలకీ అడ్డంగా కట్టాలి. ధవళేశ్వరం కొండ రాయినే కొట్టి వాడారు. నదిలో ఏం చేసినా వరద తీశాక, మళ్ళీ వరద వచ్చేలోపే. ఇసుకలో ఎడ్లబండి రోజుకి ఎన్ని రాళ్ళు తేగలదు? అందుకే కొండ దగ్గర్నుంచి ఏటి ఒడ్డుకి పట్టాలు వేశారు. బొంబాయి-ఠాణా రైలు 1853లో కదిలింది. ఇది అంతకు ముందు మాట. స్టేషన్ లేదు, టికెట్ లేదు, ప్రయాణమంతా రాళ్ళదే. కథలో టెన్షన్ కావాలన్నావు కదా, మృగశిర కార్తె దగ్గరపడుతుంటే రాయి ఇంకా కొండ మీదే ఉండటం చాలదా?

నువ్వేమో ఆ పట్టాల మీది బళ్ళకి పొగగొట్టం తగిలించావు. పొగ కావాలంటే ఉత్తరాదిన రూర్కీ వెళ్ళు. గంగా కాలువని సోలానీ నది మీదుగా దాటించే పని కోసం 1851 డిసెంబరులో అక్కడ ఆవిరి ఇంజిన్ నడిపారు. పేరు థామసన్. దాన్ని గోదావరికి అరువు తేకు.

నవ్వుతున్నానని అనుకోకు. నా మొదటి కథలో ఒక కూలీని 1850లో రాజమండ్రి నుంచి కొవ్వూరుకి రైలెక్కించాను. అక్కడ గోదావరి దాటించే హేవలాక్ రైలు వంతెన 1900లో గానీ తెరవలేదు. ఒక పాఠకుడు కార్డు రాశాడు: “మీ కూలీ యాభై ఏళ్ళు ఒడ్డునే కూర్చుని ఉంటాడు.” ఆ కార్డు ఇంకా దాచుకున్నాను.

వీణెం వీరన్న గారిని ఒక్క ముక్కలో దాటేశావు. వేలమంది కూలీలను కూడగట్టి పని నడిపించిన మనిషి. ఆయన గొంతు వినిపించు.

ఇప్పుడక్కడ కనిపించేది 1982కి పూర్తయిన బ్యారేజీ, దాన్ని చూసి పాత ఆనకట్ట వర్ణన రాయకు. జనార్దనస్వామి కొండ ఎక్కి, కింద ఏటి దాకా చూసుకుంటూ దిగు. ఎండలోనే వెళ్ళు, గొడుగు లేకుండా.

రెండో ప్రతి పంపేటప్పుడు పిన్‌కోడ్ సరిగ్గా రాయి. మొన్నటి కవరు మూడు ఊళ్ళు తిరిగొచ్చింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు