బోరు నీళ్ల అక్వేరియంకి యూవీ స్టెరిలైజర్ ఎట్లా బిగించాలి?

మిర్యాలగూడ బోరు నీళ్లు, మూడడుగుల గోల్డ్‌ఫిష్ తొట్టి, నీళ్లు మార్చిన వారానికే పచ్చగా అవుతున్నాయి, 9 వాట్ల యూవీ ఎక్కడ పెట్టాలి, ఎన్ని గంటలు వేయాలి అన్నారు.

3 x 1.5 x 1.5 అడుగులంటే అంచు దాకా 190 లీటర్లు. రాళ్లు, పైన ఖాళీ పోను 160 మిగులుతాయి. 9 వాట్లు చాలు. యూవీ స్టెరిలైజర్ అంటే నీళ్లు లోపలి నుంచి పోతుంటే అతినీలలోహిత కిరణాలతో నీళ్లలో తేలే నాచును చంపే బల్బు డబ్బా.

యూవీ ఎప్పుడైనా ఫిల్టర్ తర్వాతే. మడ్డి నీళ్లు పోతే ఆ మడ్డి చాటున నాచు కణాలు బతికిపోతాయి. క్యానిస్టర్ (తొట్టి బయట పెట్టే డబ్బా ఫిల్టర్) ఉంటే దాన్నుంచి బయటికొచ్చే పైపు మధ్యలో కలపండి, లేకుంటే స్పాంజి తొడిగిన చిన్న మోటరుతో నడపండి. మోటరు డబ్బా మీద రాసిన గంటకిన్ని లీటర్ల లెక్క నమ్మొద్దు. ఎత్తు, పైపు వంపుల వల్ల చాలా తగ్గుతది. పైపు చివర 10 లీటర్ల బకెట్ పెట్టి చూడండి: నిమిషంలో నిండితే గంటకు 600 లీటర్లు. యూవీ డబ్బా మీద ఇచ్చిన గరిష్ఠం దాటితే వాల్వ్ తిప్పి తగ్గించండి.

యూవీకి నీళ్లు వచ్చే, పోయే రెండు మూతులు పైకి ఉండేటట్టు బిగించండి, గాలి లోపల నిలవదు. ఓ-రింగుకు (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగు) నీళ్లు తడిపి చేత్తోనే బిగించండి, పానా పెడితే బల్బు చుట్టూ ఉండే క్వార్ట్జ్ గాజు గొట్టం పగులుతది. ముందు కరెంటు లేకుండా అరగంట నీళ్లు తిప్పి కారుతుందేమో చూడండి. మోటరు, యూవీ ఒకే స్విచ్చు మీద ఉండాలి. ఇన్వర్టర్ మీద యూవీ ఒక్కటే వెలిగి మోటరు ఆగిందా, లోపలి నీళ్లు కాగుతయి. వెలిగే బల్బును కళ్లతో చూడొద్దు.

మన దగ్గర అసలు తంటా తెల్లపూత. బోరు నీళ్లలోని సున్నం క్వార్ట్జ్ గొట్టానికి పట్టి కిరణాలను ఆపేస్తది. బల్బు నీలంగా వెలుగుతనే ఉంటది, నీళ్లు మాత్రం పచ్చగనే. రెండు నెలలకోసారి ప్లగ్ తీసి, గొట్టం విప్పి, లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి మెత్తని గుడ్డతో తుడవండి. పీచుతో గీకొద్దు. బల్బు ఎన్నాళ్లు వెలిగినా, రోజంతా వేస్తే ఏడాదికి మార్చాల్సిందే, 254 నానోమీటర్ల కిరణం అప్పటికే బలహీనమైతది.

తేటపడే దాకా 24 గంటలు వేయండి, మామూలుగా మూడు రోజుల నుంచి వారం. చచ్చిన నాచు ఫిల్టర్‌లో పేరుకుంటది కాబట్టి ఆ వారంలో స్పాంజిని తొట్టి నీళ్లలోనే పిండి, పావు వంతు నీళ్లు మార్చండి. తర్వాత రోజుకు ఎనిమిది గంటలు సరిపోతది. అద్దానికి పట్టిన నాచును యూవీ ఏం చేయదు, అది గీకాలె. కిటికీ ఎండ, ఎక్కువ మేత తగ్గించకుంటే యూవీ ఆపగానే పచ్చదనం మళ్లీ వస్తది.

తెల్లమచ్చల రోగానికి దీన్నే నమ్ముకోవద్దు. చేప ఒంటి మీద ఉన్న ఆ రోగపు పరాన్నజీవికి కిరణం తగలదు, నీళ్లలో ఈదుతూ గొట్టం దాకా వచ్చిందే చస్తది. మిథిలీన్ బ్లూ లాంటి మందు వేస్తే, ఆ కోర్సు అయిపోయే దాకా యూవీ ఆపేయండి, లేకుంటే మందే విరిగిపోతది.