మణికట్టు ఆపరేషన్ తర్వాత పిడికిలి బిగియడం లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 52. జారిపడి కుడి మణికట్టు విరిగింది. విరుగు కీలులోకి వెళ్లి ముక్కలైందని ప్లేటు, స్క్రూలు వేశారు. ఏడు వారాలైంది. ఎముక అతుకుతోందన్నారు. కానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. అరచెయ్యి పైకి తిరగడం లేదు. సాయంత్రానికి వాపు వస్తోంది. రోజూ స్పాంజి బంతి నొక్కుతున్నా ఫలితం లేదు. చెయ్యి మళ్లీ మామూలవుతుందా?

- ఒక పాఠకురాలు

జవాబు: కీలులోకి వెళ్లిన విరుగుకు ఏడో వారంలో ఈ ఇబ్బందులు సహజమే. కదలిక చాలావరకు మూడు నుంచి ఆరు నెలల్లో వస్తుంది. పట్టు బలం పెరగడానికి ఏడాది దాకా పట్టొచ్చు. కొందరిలో చివరికి కాస్త బిగుతు మిగలొచ్చు.

ముందు ఆ బంతిని పక్కన పెట్టండి. అరచేతిలో బంతి ఉంటే వేళ్లు దాని దగ్గరే ఆగిపోతాయి, పూర్తిగా ముడుచుకునే అవకాశమే ఉండదు. ఇప్పుడు మీకు కావాల్సింది కదలిక. బలం సంగతి తర్వాత చూద్దాం. చెయ్యిని పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, మణికట్టును కొద్దిగా వెనక్కి వంచి పెట్టుకోండి. మణికట్టు ముందుకు వాలి ఉంటే వేళ్ల వెనకవైపు టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటి భాగాలు) లాగేసి పిడికిలి పడదు. మొదట వేళ్ల చివరి రెండు కణుపులనే కొక్కెంలా వంచండి, తర్వాత పూర్తి పిడికిలి. ఎక్కడ ఆగిందో అక్కడ రెండో చేత్తో మెల్లగా నొక్కి 15 సెకన్లు పట్టుకోండి. పదేసి సార్లు, రోజుకు నాలుగైదు విడతలు.

అరచెయ్యి పైకి తిప్పేటప్పుడు మోచెయ్యిని 90 డిగ్రీలు వంచి, నడుముకు ఆనించి ఉంచండి. మోచెయ్యి పక్కకు జరిగితే తిరిగేది భుజమే, ముంజేయి కాదు. ఈ కదలిక తరచూ ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిరుత్సాహపడొద్దు.

వ్యాయామం తర్వాత నొప్పి గంటలోపు తగ్గాలి. మర్నాటికి వాపు పెరిగితే ఒత్తిడి ఎక్కువైందన్నమాట. చెయ్యిని ఎవరితోనూ బలవంతంగా వంపించుకోకండి. పడుకున్నప్పుడు చెయ్యి గుండెకన్నా ఎత్తులో ఉండాలి. రోజంతా స్లింగ్‌లో ఉంచితే భుజం కూడా బిగుసుకుపోతుంది. గ్లాసు, చెంచా పట్టుకోవచ్చు. అరచెయ్యి ఆనించి కుర్చీలోంచి లేవడం, బరువులెత్తడం మాత్రం ఎక్స్‌రే చూసి మీ సర్జన్ అనుమతించేదాకా వద్దు. సాధారణంగా దానికి 12 వారాల వరకు ఆగమంటారు.

కొన్ని లక్షణాలుంటే వెంటనే సర్జన్‌ను కలవాలి. దెబ్బకు మించిన మంట నొప్పి, చేతి చర్మం రంగు మారడం, చేతికి చెమటలు కనిపిస్తే అది నరాలకు సంబంధించిన నొప్పి సమస్య కావొచ్చు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలిలో తిమ్మిరి ఉంటే నరంపై ఒత్తిడి ఉందేమో చూడాలి. బొటనవేలు హఠాత్తుగా పైకి లేవకపోతే టెండన్ తెగి ఉండొచ్చు. వేళ్లు వంచేటప్పుడు ప్లేటు దగ్గర గరగరలాడితే టెండన్ రాసుకుంటోందని అనుమానించాలి. ఇవేవీ లేకపోతే ప్లేటు తీయించాల్సిన అవసరం సాధారణంగా రాదు.

నిలబడ్డచోట జారిపడి ఎముక విరిగింది కాబట్టి, ఈ వయసులో ఎముకల సాంద్రత, విటమిన్ డి పరీక్షలు కూడా చేయించుకోండి.