పరిణతి అన్న మాట రాసే ముందు

చిరంజీవి తమ్ముడికి,

హాంబర్గ్ నుంచి నువ్వు పంపిన సమీక్ష అందింది. రెండుసార్లు చదివాను, ఆ రెండు చదువుల మధ్య ఆల్బమ్‌ను కూడా మొదటి పాట నుంచి చివరి పాట దాకా విన్నాను. నువ్వు చదువుకుంటున్న ఊళ్లోనే పుట్టిన వోల్ఫ్స్‌హైమ్ అనే సింథసైజర్ పాప్ సంగీత ద్వయం మీద తెలుగులో ఒకరు వ్యాసం రాస్తారని నేను అనుకోలేదు, అందుకు సంతోషం. ఇక నా అభ్యంతరం. 2003లో వచ్చిన ‘కాస్టింగ్ షాడోస్’ను మొదటి పేరాలోనే ‘పరిణతి చెందిన, మృదువైన ఆల్బమ్’ అన్నావు. తరువాతి మూడు పేజీలలో ఆ మాటనే అటు తిప్పి ఇటు తిప్పి చెప్పావు తప్ప, ఏది మారడం వల్ల నీ చెవికి అలా తోచిందో ఒక్కచోటా చెప్పలేదు. తీర్పు చదివేశావు గాని సాక్షులను పిలవలేదు.

సాక్షులు దూరంగా లేరు. 1991 నాటి ‘ద స్పారోస్ అండ్ ద నైటింగేల్స్’ పెట్టుకుని విను. డ్రమ్ మెషీన్ దెబ్బ ఊపిరి తీసుకోకుండా పడుతూనే ఉంటుంది, ఆ దెబ్బల నడుమ మిగిలిన కాస్త ఖాళీని కూడా సింథసైజర్ స్వరాలు పరుగున వచ్చి ఆక్రమిస్తాయి. నృత్యశాలలో కాళ్లు కదిలించడానికి కట్టిన పాట అది. ద్వయంలోని గాయకుడు పేటర్ హెప్నర్ గొంతు మాత్రం ఆ పరుగులో చేరదు, ఒడ్డున నిలబడి వరదను చూస్తున్న మనిషిలా ఉంటుంది. పన్నెండేళ్ల తరువాత ‘కాస్టింగ్ షాడోస్’లోని ‘కైన్ త్సురూక్’ పాటకు వచ్చేసరికి ఆ గొంతు దాదాపు అలాగే ఉంది. మారినదల్లా దాని చుట్టూ ఉన్న వాద్యమే: అది పోటీ మాని, వెనక్కి జరిగి, గొంతుకు చోటిచ్చింది. పాట నెమ్మదించినప్పుడు చేయి తగ్గించే మృదంగ విద్వాంసుడిని మన కచేరీలలో చూసే ఉంటావు, అలాగన్న మాట. కాబట్టి నువ్వు అన్న పరిణతి గాయకుడిది కాదేమో, ద్వయంలో రెండోవాడైన మార్కుస్ రైన్‌హార్ట్ కూర్పుదేమో ఆలోచించు. నా అనుమానం అదే. హెప్నర్ మొదటి రోజు నుంచే పెద్దవాడిలా పాడాడు.

ఆ పాట పేరుకు ‘వెనక్కి దారి లేదు’ అని అర్థం. బాల్యాన్ని తలచుకోవడం, ప్రతి వీడ్కోలు వెంటా మళ్లీ కలయిక ఉండదని ఒకనాటికి తెలిసిరావడం, అడుగు వెనుక అడుగుగా ముందుకే పోవలసి ఉండడం, ఇంతే అందులోని విషయం. ఇంత బరువైన మాటను అతడు గొంతు పెంచకుండా, ఎక్కడా వణికించకుండా, ఇరుగింటివాడికి కబురు చెప్పినంత మామూలుగా చెబుతాడు. నువ్వు ‘హృదయవిదారకం’ అని రాసిన చోట ఈ మామూలుతనం గురించి నాలుగు వాక్యాలు రాయి.

నెమ్మదితనాన్ని పరిణతి అనుకునే పొరపాటు నేనూ చేశాను. నా ఇరవై రెండో ఏట ఒక వారపత్రికకు క్యాసెట్ సమీక్ష రాస్తూ, ఆ గాయకుడు పాత తొందర మాని నిదానంగా, గంభీరంగా పాడడం నేర్చాడని పేరా నిండా పొగిడాను. అచ్చయిన తరువాత మిత్రుడి ఇంట్లో అదే క్యాసెట్ విన్నప్పుడు తెలిసింది, నా టేప్ రికార్డరులో సెల్లులు అయిపోవస్తున్నాయని, ఆ గాంభీర్యమంతా వాటిదేనని. ఇప్పుడు నీకు సెల్లుల బాధ లేదు గాని, అలసిన రాత్రి పూట ఒక్కసారి విని రాసినా ఫలితం అదే.

ఒక తప్పు దిద్దాలి. ‘కైన్ త్సురూక్’ వీరి తొలి జర్మన్ పాట అని రాశావు. కాదు, 1999 నాటి ‘స్పెక్టేటర్స్’ ఆల్బమ్‌లోని ‘క్యున్‌స్ట్‌లిషె వెల్టెన్’ జర్మన్ పాటే. దానికి ఏడాది ముందే జర్మన్ గాయకుడు యోవాఖిమ్ విట్‌తో కలిసి పాడిన ‘డీ ఫ్లూట్’ ద్వారా హెప్నర్ గొంతును జర్మన్ భాషలో దేశమంతా విన్నది. ఈ సంగతి నీ వాదనకు నష్టం కాదు, లాభమే: మెత్తదనం ఒక్క ఆల్బమ్‌తో ఊడిపడలేదని చెప్పడానికి పనికివస్తుంది. ‘కాస్టింగ్ షాడోస్’ జర్మనీ ఆల్బమ్‌ల అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి చేరిందని రాసి, వెంటనే ‘మార్కెట్ కోసం మెత్తబడ్డారు’ అన్నావు. ముందు పేజీలో పరిణతి, వెనుక పేజీలో వ్యాపారం. రెండూ నిజం కావచ్చు, కాని రెండింటికీ సంబంధం ఏమిటో చెప్పకుండా వదిలేస్తే చదివేవాడు నీకే స్పష్టత లేదనుకుంటాడు.

చివరి పేజీ మొత్తం తీసేయమంటాను. ఆ తరువాత ఇద్దరూ విడిపోయారు, మరో స్టూడియో ఆల్బమ్ రాలేదు, నిజమే. అంతమాత్రాన ప్రతి పాటలోనూ ఆ ఎడబాటు నీడను చూడడం వెనుకబుద్ధి. 2003లో దుకాణంలో ఆ డిస్కు కొన్నవాడికి అదేమీ తెలియదు. అతడు విన్నది ఏమిటో రాయి.

రెండో పేజీలో రైల్లో విన్న సంగతి, పక్క సీటు మనిషి తనతోనే మాట్లాడుతున్నట్టు ఉందన్న వాక్యం, మాత్రం ముట్టుకోకు. మరొకటి, గాయకుడి పేరు ఒకచోట పీటర్ అనీ ఇంకొకచోట పేటర్ అనీ రాశావు. అక్కడే ఉన్నావు కదా, జర్మన్లు ఎలా పలుకుతారో ఎవరినైనా అడిగి ఒక్కటే ఉంచు.

ఆశీస్సులతో,
అన్నయ్య