పింఛను సరే, అమ్మకు మూడు గంటల తీరిక ఎవరిస్తారు?

మీ అన్నయ్యకు 28 ఏళ్లని, మేధో వైకల్యం వల్ల నరసన్నపేటలో తల్లిదండ్రుల దగ్గరే ఉంటున్నాడని, పింఛను కాక ఇంకేమైనా ఆసరా దొరుకుతుందా అని అడిగారు. మాది బొబ్బిలి దగ్గరి పల్లె. మా తమ్ముడిదీ అదే పరిస్థితి, వాడికి 34 ఏళ్లు.

మన ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024 జూలై నుంచి 6,000 రూపాయలు అయింది. అంతకుముందు 3,000 ఉండేది. ఒకటో తారీఖున గ్రామ సచివాలయ ఉద్యోగి ఇంటికే వచ్చి ఇస్తారు. వేలిముద్ర వేయమంటే తమ్ముడు గుప్పిట బిగించేస్తాడు, అమ్మ అరచేతిలో చక్కిలిగింత పెట్టి ఒక్కో వేలూ విప్పుతుంది. "మీకేటమ్మా, నెలకి ఆరు వేలు" అనే బంధువులు ఆ పని ఒక్కసారి చేసి చూడాలి.

నాకు తెలిసి అసలు లోటు డబ్బు కాదు, పగటిపూట మనిషి. బడి చదువు హక్కు 18 ఏళ్లతో ఆగిపోతుంది, ఆ తరువాత మా తమ్ముడికి మిగిలింది అరుగు, అమ్మ, అంతే. రెండేళ్ల క్రితం కార్తీకంలో అమ్మ నూతిగట్టు దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. విశాఖలో ఆపరేషన్ చేయించి పదకొండు రోజులు ఆసుపత్రిలోనే ఉండవలసి వచ్చింది. అమ్మ కలిపి మొదటి ముద్ద పెడితే తప్ప తినని మా తమ్ముణ్ణి, టిఫిన్ బండి నడుపుకునే పక్కింటి పిన్ని తన వెంట తీసుకుపోయింది. రెండు రోజులు ఏమీ ముట్టలేదట. మూడోనాడు ఆవిడ వాడి ముందు అరిటాకు ముక్కల కట్ట పెట్టి, "ఒరే, తుడిచి పళ్లేల్లో ఎయ్యి" అన్నదట. కట్ట మొత్తం తుడిచి, ఒక్కో పళ్లెంలో ఒక్కో ముక్క సర్ది, ఆ తరువాత తనే ఒక పళ్లెం ముందు పెట్టుకుని ఇడ్లీ తిన్నాడు. అమ్మ ఇంటికి వచ్చాక కూడా ఆరింటికల్లా బండి దగ్గరకు పోవడం మానలేదు. అమ్మకు రోజూ మూడు గంటలు మిగిలాయి. మండలానికొకటి చొప్పున ఇలాంటి చోటు పెడితే సగం కష్టం తీరుతుందని నా గట్టి నమ్మకం, దీనికి పెద్ద భవనాలేమీ అక్కరలేదు.

మీరు వెంటనే చేయవలసింది సంరక్షకత్వపు దరఖాస్తు. 18 ఏళ్లు దాటిన తరువాత కన్నవాళ్లు కూడా తమంతట తాము చట్టబద్ధ సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ ఆ నియామకం చేస్తుంది. "నేను కన్నదాన్ని, నాకింకొకరు కాగితం ఇవ్వాలా?" అని మా అమ్మ ఏళ్లపాటు వాయిదా వేసింది. నాన్న పోయాక తమ్ముడి పేరిట ఉన్న ఖాతా కదిలించడానికి బ్యాంకువాళ్లు అదే కాగితం అడిగారు, నాలుగు నెలలు తిరిగాం. మీకు తల్లిదండ్రులిద్దరూ ఉండగానే ఆ పని కానివ్వండి. అదే ట్రస్టు వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యఖర్చు భరిస్తుంది. గడువు దాటకుండా ఏటా పునరుద్ధరించుకోవాలి.

సంక్రాంతికి పిన్ని నాలుగు రోజులు బండి కట్టేసి కూతురింటికి వెళ్తుంది. ఆ నాలుగు రోజులూ తమ్ముడు అయిదింటికే లేచి, అరిటాకు ముక్కలు చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడతాడు, అమ్మ కర్ర ఊతంతో వాడి పక్కనే.