అల్లుడు గారి పెట్టెలో నల్లి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. నాకు ముప్పై రెండేళ్లు. మా వారు కువైట్‌లో పని చేస్తారు. అత్తయ్య గారు, మామయ్య గారు, ఇద్దరు పిల్లలతో డాబా ఇంట్లో ఉంటాను. శ్రావణంలో మా వారు నెల రోజులు సెలవు మీద వచ్చి వెళ్లారు. దసరాకు నేను భీమవరం వైపు ఉన్న పుట్టింటికి వెళ్లి, అమ్మ కుట్టించిన బొంత తెచ్చుకున్నాను. కార్తీకంలో పిల్లల ఒంటి మీద దద్దుర్లు చూసి మంచం వెతికితే, పట్టెల సందుల్లో నల్లులు గుంపులుగా కనిపించాయి. అవి ఆ బొంతతోనే వచ్చాయని అత్తయ్య గారు రోజుకోసారి అంటున్నారు. మా వారేమో ఫోనులో ‘ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం తెలియదా’ అన్నారు. మామయ్య గారు చేలో కొట్టే మందు మంచానికి కొడతానంటున్నారు. ఆడపడుచుకు ఈ వేసవిలో పెళ్లయింది. సంక్రాంతి ఐదు వారాలుంది, అల్లుడు గారికి మొదటి పండగ. ‘ఈ సంగతి గుమ్మం దాటితే ఊరుకోను’ అని అత్తయ్య గారి ఆజ్ఞ. పరుపును భోగి మంటలో వేసేద్దామంటారు. నెల రోజులుగా హాల్లో నేల మీద, లైటు వేసుకుని పడుకుంటున్నాను. నిద్ర లేదు. పుట్టింటికి వెళ్లిపోవాలనిపిస్తోంది. ఏం చేయను?

జవాబు: అన్నిటికంటే ముందు మామయ్య గారి చేతిలో ఉన్న మందు డబ్బా సంగతి చూడాలి. మిగతావి ఒక రోజు ఆగినా ఫరవాలేదు, ఇది ఆగదు. వరిచేనులో కొట్టే మందు గాలీ వానా ఎండా తగిలే చోట వాడడానికి చేసినది. పిల్లలు రాత్రంతా ముఖం ఆనించి పడుకునే పరుపు మీద దాన్ని కొడితే చర్మం నుంచీ ఊపిరి నుంచీ ఒంట్లోకి పోతుంది. ధాన్యం నిల్వల్లో పురుగు పట్టకుండా పెట్టే బిళ్లలు ఇంట్లో ఉంటే వాటి జోలికీ పోనివ్వవద్దు. వాటికి తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. అది పక్క గదిలో నిద్రపోతున్న మనిషిని కూడా చంపగలదు, విరుగుడు మందు లేదు. కిరసనాయిలు, పెట్రోలు కూడా వద్దు. వాటికి గుడ్లు చస్తాయన్న భరోసా లేదు, కానీ అగ్గిపుల్ల గీస్తే ఇల్లు అంటుకుంటుందన్న భరోసా ఉంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్న సామెత మన ఇంటికి రాకూడదు కదా. ఈ మాట మీరు చెబితే ఆయన వినకపోవచ్చు. పురుగుమందులు అమ్మే షాపులో ఆయనకు తెలిసినవారుంటే వారి చేత చెప్పించండి.

ఇక మీ నిద్ర. మీరు హాల్లోకి మారడం నల్లుల నుంచి తప్పించుకోవడం అనుకుంటున్నారు. నల్లి వెతుక్కునేది మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువునూ ఒంటి వెచ్చదనాన్నీ. మనిషి గది మారితే ఆకలేసిన నల్లి మెల్లగా నడుచుకుంటూ ఆ గదికే వస్తుంది. దానికి రెక్కలు లేవు, గెంతడం రాదు, నడక మాత్రం బాగా వచ్చు. లైటు వేసినా ఆకలి మరీ ఎక్కువైతే బయటికి వస్తుంది. గదికి తాళం వేసి పండగ దాటిద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తే అదీ పనికిరాదు. తిండి లేకుండా నెలల తరబడి బతకగల పురుగు అది. మీరు మళ్లీ మీ మంచం ఎక్కాలి. అయితే ముందు ఆ మంచాన్ని మీదిగా చేసుకోవాలి.

ఒక ఆదివారం దీనికే కేటాయించండి. మంచాన్ని గదిలోనే విప్పండి. ముక్కలు ముక్కలుగా ఇల్లంతా ఈడ్చుకెళితే దారి పొడవునా నల్లులు రాలతాయి. కోళ్లు, పట్టెలు కలిసే చోట, మేకు రంధ్రాల్లో, చెక్క చీలికల్లో సలసల కాగే నీళ్లు పోయండి. టేకు మీద పాలిష్ తెల్లబడుతుంది, మామయ్య గారికి ముందే చెప్పండి. నవారు ఉంటే విప్పి గుండిగలో ఉడకబెట్టండి. దుప్పట్లు, గలీబులు, ఆ బొంత, మంచం దగ్గర ఉండే బట్టలు అన్నీ మూతి కట్టిన సంచుల్లోనే గది దాటాలి, 60 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్లలో నానాలి. 50 డిగ్రీలు దాటిన వేడి సరిగ్గా తగిలితే నల్లీ బతకదు, దాని గుడ్డూ బతకదు. గుడ్డు మిల్లీమీటరు పొడవు, తెల్లగా, జిగురుతో చెక్కకు అతుక్కుని ఉంటుంది. దులిపితే రాలదు. దూది పరుపైతే అంచు కుట్ల వెంబడి తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెను నెమ్మదిగా నడిపించండి. రెక్సిన్ పరుపుకు, ఫోముకు ఇది చేయవద్దు, కరుగుతుంది.

ఎండలో వేస్తే పోతాయి కదా అంటారు చుట్టుపక్కల వాళ్లు. రోహిణి కార్తె ఎండయితే కొంత నమ్మవచ్చు. మన కోనసీమలో మార్గశిరం ఎండ వీపుకు హాయి, అంతే. పరుపు పైబట్ట వెచ్చబడితే నల్లి తీరిగ్గా కిందివైపుకు నడిచి వెళుతుంది.

మంచం మళ్లీ బిగించాక గోడకు జానెడు దూరం జరపండి. దుప్పటి నేలకు తగలకూడదు. నాలుగు కోళ్ల కింద నాలుగు గిన్నెలు పెట్టి సబ్బు నీళ్లు పోయండి. చీమలు పట్టకుండా వంటింటి బీరువా కాళ్ల కింద నీళ్ల పళ్లాలు పెట్టడం మనకు కొత్త కాదు. రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి, లేకపోతే నల్లి పోయి దోమ వస్తుంది. మంచం ఎక్కాలని వచ్చినదీ, దిగి పోవాలనుకున్నదీ అందులో పడుతుంది. పొద్దున్నే గిన్నెల్లో ఎన్ని ఉన్నాయో చూసి కాలెండరు మీద రాసుకోండి. ఆ కాలెండరు వెనక కూడా ఒకసారి చూడండి. ఫొటో ఫ్రేముల వెనక, తలుపు చట్రాల పగుళ్లలో, ట్రంకు పెట్టె అంచుల్లో సిరా చుక్కల్లాంటి నల్లటి మరకలుంటే అక్కడ వాటి కాపురం ఉన్నట్టే. స్విచ్ బోర్డు సందులో ఉన్నా సరే, అక్కడ నీళ్లు పోయవద్దు.

ఇంతా చేసినా ఇంట్లో పూర్తిగా పోతాయని నేను చెప్పను. రాజమండ్రి, కాకినాడ, భీమవరం వంటి ఊళ్లలో పురుగుల నివారణ పని చేసేవారు ఉంటారు. పిలిచేటప్పుడు ఒక్కటే అడగండి, రెండోసారి ఎప్పుడు వస్తారని. ఒక్కసారి కొడితే చాలు, పొగ పెడితే చాలు అనేవారిని వదిలేయండి. చాలా మందులు గుడ్డును చంపలేవు. వారం పది రోజుల్లో గుడ్డు పిల్లవుతుంది, కాబట్టి రెండు వారాల తేడాతో కనీసం రెండుసార్లు కొట్టాలి. ఈ వారమే పిలిస్తే సంక్రాంతిలోపు మూడోసారి కూడా చూడడానికి వ్యవధి ఉంది. పిల్లలు గోకి పుండ్లు చేసుకుంటే వైద్యుడికి చూపించండి. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర దురద ఎక్కువగా ఉంటే అది గజ్జి కావచ్చు, దాని మందు వేరు. నల్లి కాటుతో మనుషులకు జబ్బులు అంటుకుంటాయన్న రుజువైతే లేదు.

ఇప్పుడు మీరు అసలు అడిగినదానికి వస్తాను.

శుభ్రానికీ నల్లికీ సంబంధం లేదు. దానికి కావలసింది ఒక సందు, పక్కన ఒక మనిషి. మా చిన్నతనంలో సినిమా హాల్లో నేల టికెట్టు వాళ్లు హాయిగా సినిమా చూసేవారు, డబ్బు పెట్టి కుర్చీ కొనుక్కున్న వాళ్లను నల్లులు కుట్టేవి. శివుడు కొండ మీద పడుకోవడం, విష్ణువు పాము మీద పవళించడం నల్లుల బాధ పడలేకే అని మన చాటుకవి ఎన్నడో నవ్వాడు. దేవుళ్లను వదలని పురుగుకు మీ డాబా ఒక లెక్కా?

బొంత విషయంలో మీకు ఒక వాదన ఉంది. ఆడ నల్లి రోజుకు కొద్ది గుడ్లే పెడుతుంది, గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి ఐదారు వారాలు పడుతుంది. దసరాకు వచ్చిన ఒకటీ రెండూ కార్తీకానికి పట్టెల నిండా గుంపులు కట్టడం కష్టం. ఈ లెక్క చెబితే మీరు గెలుస్తారు. గెలిచి ఏం చేస్తారు? నింద మీ అమ్మ బొంత మీంచి లేచి మీ వారి సూట్‌కేసు మీద కూర్చుంటుంది. కొడుకును అన్నారని అత్తయ్య గారికి మరో బాధ. ఆ సూట్‌కేసైనా, బస్సు సీటైనా, ఎవరో చుట్టాల సంచైనా కావచ్చు. అందుకే లెక్క తెలుసుకుని ఊరుకోమంటున్నాను.

మీ వారితో మాత్రం ఒక మాట పొడిగా అడగండి. ‘అక్కడ మీ మంచం ఒకసారి చూసుకోండి, వచ్చే సెలవుకు పెట్టె వాకిట్లోనే విప్పుదాం.’ గదికి పది మంది చొప్పున పడుకునే చోట ఉన్న మనిషికి నల్లి అంటే తెలియకుండా ఉండదు. ఫోనులో విసుక్కున్న మనిషి ఈ మాటకు కాసేపు మౌనంగా ఉంటే, ఆ మౌనాన్ని అలాగే ఉండనివ్వండి.

అత్తయ్య గారిది పరువు భయం. గోదావరి జిల్లాల్లో కొత్త అల్లుడి మొదటి సంక్రాంతి అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? పిండివంటలు లెక్కపెట్టి పెట్టే ఇంట్లో అల్లుడి వీపు మీద దద్దురు లేవడం ఆవిడ ఊహించలేరు. కాబట్టి పరువు పోతే పోనీ అని ఆవిడతో అనవద్దు. ఆవిడ పరువు లెక్కలోనే మాట్లాడండి. పరుపును భోగికి తగలబెడతామంటున్నారు, భోగి నాటికి అల్లుడు గారు దిగి ఉంటారు కదా అని గుర్తు చేయండి. తర్వాత, పిల్లలు బడికి వెళ్లాక, ఇద్దరే ఉన్నప్పుడు ఇలా అడగండి: ‘అత్తయ్య గారూ, అల్లుడు గారి పెట్టె నాలుగు రోజులు మన మంచం పక్కనే ఉంటుంది. ఒక్క నల్లి ఎక్కినా చాలు. రెండు నెలల తర్వాత వాళ్లింట్లో కనబడితే, అక్కడ మన పిల్లను ఏమంటారు?’

అక్కడ ఆపేయండి. ‘ఇక్కడ నన్ను అన్నట్టే’ అని మాత్రం కలపవద్దు. మీరు కలపకపోయినా ఆ మాట ఆవిడ చెవిన పడుతుంది, మీరు కలిపితే అది దెప్పుడవుతుంది.

ఆవిడ ఒప్పుకుంటే మీ ఆడపడుచుకు ఆవిడే ఫోను చేయడం మేలు. మందు కొట్టించామని, పెట్టె హాల్లో బల్ల మీద పెట్టుకోమని, తిరిగి వెళ్లాక బట్టలు వేడి నీళ్లలో వేయమని చెబితే చాలు. ఒప్పుకోకపోతే మీరే చెప్పండి, గుమ్మం దాటనివ్వనన్నా సరే. చెప్పినందుకు వచ్చే కోపం నాలుగు రోజులు, చెప్పనందుకు వచ్చేది ఎన్నాళ్లో తెలియదు.

పుట్టింటికి ఇప్పుడు వెళ్లవద్దని నేను చెప్పడానికి కారణం కాపురం గురించిన పెద్ద మాటలేమీ కావు. మీ సంచిలో నల్లులు కూడా వస్తాయి. మూడు వారాల పాటు గిన్నెల్లో ఒక్కటీ పడకపోతే పిల్లలను తీసుకుని నిశ్చింతగా వెళ్లి పది రోజులు నిద్రపోయి రండి, మీకు ఆ నిద్ర బాకీ ఉంది.

అంతకంటే ముందు, ఈ రోజే, మీ అమ్మగారికి ఫోను చేయాలి. ఆవిడ బొంత మీద ఇన్ని మాటలు పడుతున్నాయని తెలియనివ్వకూడదని మీరు ఇన్నాళ్లు చేయలేదని నాకు అర్థమవుతూనే ఉంది. ఆ మాటలేవీ చెప్పనక్కర్లేదు. దసరాకు వెళ్లినప్పుడు మీ సంచి ఏ మంచం మీద పెట్టారో గుర్తు చేసుకుని, ఆ మంచం పట్టెల సందుల్లో టార్చి వేసి చూడమనండి.