ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్‌ని సినిమాలు సరిగ్గా చూపిస్తాయా?

చాలావరకు చూపించవు. మూడు వేర్వేరు స్థితులను ఒకే "పిచ్చి"గా కలిపేస్తాయి.

కాన్పయిన రెండు మూడు రోజులకు మొదలయ్యే ఏడుపు, చిరాకు సాధారణంగా రెండు వారాల్లో తగ్గుతాయి. ఆ తర్వాత కూడా దిగులు, తానే తప్పు చేస్తున్నానన్న బాధ, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోవడం ఉంటే డిప్రెషన్‌ని అనుమానించాలి. లేని మాటలు వినపడటం, బిడ్డ గురించి వింత నమ్మకాలు సైకోసిస్ లక్షణాలు. ఇది వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటిలోనే వస్తుంది, కానీ వస్తే ఎమర్జెన్సీ. తెరకు నచ్చేది ఇదే. అందుకే పనులన్నీ మౌనంగా చేసుకుపోతూ లోపల కుంగిపోయే తల్లిని ఇంట్లోవాళ్లు పోల్చుకోలేరు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

2018 నాటి హాలీవుడ్ సినిమా 'టలీ' బాలింత అలసటను గొప్పగా పట్టుకుంది. భ్రమలను మాత్రం నిద్రలేమి ఖాతాలో వేసేసింది.

ఇంకో అపోహ, ఆసుపత్రిలో చేరిస్తే బిడ్డను దూరం చేస్తారని. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపే చేర్చుకునే వార్డు ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడొచ్చు. చనిపోవాలనిపిస్తోందని ఆమె అంటే మాత్రం ఒంటరిగా వదలకుండా ఆరోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.